మన తెరపై ఎవరి పెత్తనం?

2015 ఫిబ్రవరిలో ఫేస్‌బుక్, రిలయన్స్ కమ్యూనికేషన్స్ కలిసి మన దేశంలో ‘ఇంటర్నెట్ డాట్ ఆర్గ్’ అనే సేవను ప్రారంభించినప్పుడు, మొదటి విడతకు ఎంచుకున్న ఆరు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ ఉన్నాయి. సేవ తెలుగులోనూ అందింది. రిలయన్స్ సిమ్ ఉన్నవారు డేటా రీఛార్జి చేయించుకోకుండానే ముప్పైకి పైగా వెబ్‌సైట్లను చూడవచ్చు. వాటిలో వికీపీడియా ఉంది, వాతావరణ సమాచారం ఉంది, ఉద్యోగ ప్రకటనలు ఉన్నాయి, ఫేస్‌బుక్ ఎలాగూ ఉంది. గూగుల్ లేదు, యూట్యూబ్ లేదు. ఆ జాబితాలో ఏది ఉండాలో తేల్చింది ఫేస్‌బుక్, దాని భాగస్వామి. ఇంటర్నెట్‌ను మొదటిసారి ఆ సేవ ద్వారానే చూసినవారికి జాబితా బయట ఇంకెంత ఉందో తెలిసే అవకాశం తక్కువ.

ఫేస్‌బుక్ వాదనను తేలిగ్గా కొట్టిపారేయడం న్యాయం కాదు. అసలేమీ లేనివారికి కొంతైనా దక్కడం మేలే కదా అన్నది అందులోని సారం. ఆ ఏడాది సెప్టెంబరులో సేవ పేరును ‘ఫ్రీ బేసిక్స్’గా మార్చారు. డిసెంబరు చివర్లో మార్క్ జుకర్‌బర్గ్ ఒక ఇంగ్లిష్ దినపత్రికలో వ్యాసం రాస్తూ దీన్ని ఉచిత గ్రంథాలయంతో పోల్చారు. గ్రంథాలయంలో ప్రపంచంలోని పుస్తకాలన్నీ ఉండవు, అయినా దానివల్ల జనానికి మేలే జరుగుతుంది అన్నది ఆయన మాట. పోలిక వినడానికి బాగుంది. అయితే ఏ గ్రంథాలయాధికారీ తాను రాసిన పుస్తకాన్ని ముందు అరలో పెట్టుకుని, మిగతా పుస్తకాలన్నీ తన చేతి మీదుగానే పాఠకుడికి అందాలని షరతు పెట్టడు. ఫ్రీ బేసిక్స్‌లో తెరిచే పేజీలు ఫేస్‌బుక్ సర్వర్ల గుండా నడిచి ఫోనుకు చేరేవి. అందులో చేరదలచిన వెబ్‌సైట్లు పాటించవలసిన సాంకేతిక నిబంధనలను రాసింది కూడా ఆ కంపెనీయే.

విమర్శ పెరిగేసరికి 2015 ఏప్రిల్‌లోనే క్లియర్‌ట్రిప్, ఎన్‌డీటీవీ వంటివి ఈ సేవ నుంచి తప్పుకున్నాయి. డిసెంబరులో టెలికాం రంగ నియంత్రణ సంస్థ ట్రాయ్ ఈ తరహా పథకాలపై ప్రజాభిప్రాయం కోరింది. అప్పుడు జరిగిన ఒక ఘటన ఈ వ్యాసాంశానికి నేరుగా సంబంధించినది. ఫేస్‌బుక్ తన వేదికపైనే, తన యూజర్లకే, ఫ్రీ బేసిక్స్‌ను కాపాడమంటూ ట్రాయ్‌కి సందేశం పంపాలని పిలుపునిచ్చింది. ఒక బటన్ నొక్కితే ముందే రాసిపెట్టిన లేఖ యూజరు పేరుతో వెళ్లిపోయేది. లక్షల సంఖ్యలో వచ్చిన ఆ లేఖల్లో తాను అడిగిన ప్రశ్నలకు జవాబే లేదని ట్రాయ్ తప్పుపట్టింది. లోతైన సంప్రదింపుల ప్రక్రియను మంది బలంతో నడిపించే అభిప్రాయ సేకరణ స్థాయికి దిగజార్చారని ఘాటుగా లేఖ రాసింది. ఒక విధాన నిర్ణయంలో కక్షిదారుగా ఉన్న కంపెనీ, ఆ నిర్ణయం గురించి జనం ఏం చూడాలో కూడా తానే ఎంచి చూపించింది. టెక్ కంపెనీల అధికారం మీద ఉన్న భయం ఎంతవరకు సబబు అని అడిగేవారికి ఇంతకు మించిన ఉదాహరణ అక్కర్లేదు.

2016 ఫిబ్రవరి 8న ట్రాయ్ ఒక నిబంధన జారీ చేసింది. చూసే సమాచారాన్ని బట్టి డేటాకు వేర్వేరు ధరలు పెట్టరాదు. ఉల్లంఘిస్తే రోజుకు 50 వేల రూపాయలు, గరిష్ఠంగా 50 లక్షలు జరిమానా. ఫేస్‌బుక్ స్థాయి కంపెనీకి ఇది చిల్లరే, కానీ నిబంధన టెలికాం ఆపరేటర్లను కట్టిపడేసింది కాబట్టి ఫ్రీ బేసిక్స్ భారత్ నుంచి వెళ్లిపోయింది. ఆ నిర్ణయంలో గమనించదగ్గది దాని తీరు. ఏ వెబ్‌సైటు మంచిది, ఏ సమాచారం అవసరం అనే చర్చలోకి ట్రాయ్ దిగనే లేదు. ఎంపిక చేసే అధికారం ఫలానా చోట ఉండకూడదని మాత్రమే చెప్పింది. పదేళ్ల తర్వాత వెనక్కి చూస్తే, సమాచార రంగంలో భారత ప్రభుత్వ యంత్రాంగం తీసుకున్న నిర్ణయాల్లో ఇంత శుభ్రమైనది మరొకటి కనబడటం కష్టం.

అదే ఏడాది సెప్టెంబరులో జియో వచ్చింది. నెలల తరబడి డేటా ఉచితంగా దొరికింది, తర్వాత కూడా ధరలు నేలకు దిగాయి. ఫ్రీ బేసిక్స్ లాంటి గోడ కట్టిన తోట తప్ప పేదలకు గతి లేదన్న వాదన ఆ దెబ్బతో పడిపోయింది. అయితే మొత్తం ఇంటర్నెట్ తెరుచుకున్నాక జనం ఎక్కడికి వెళ్లారు? ఎక్కువమంది యూట్యూబ్‌కూ, వాట్సాప్‌కూ, ఫేస్‌బుక్‌కూ, ఆ తర్వాత ఇన్‌స్టాగ్రామ్‌కూ వెళ్లారు. జాబితా రూపంలో బయటికి కనబడిన ఎంపిక ఇప్పుడు ఫీడ్, అంటే యాప్ తెరవగానే కనబడే పోస్టుల వరుస, లోపలికి చేరింది. జాబితాను చూసి ఇందులో ఫలానాది లేదు అని వేలు పెట్టి చూపించవచ్చు. ఫీడ్‌లో అది కుదరదు, ఎందుకంటే ప్రతి ఒక్కరి ఫీడూ వేరు.

ఎంపిక చేయడమే తప్పయితే పత్రికలు చేసేది ఏమిటి అని కంపెనీల తరఫువారు అడుగుతారు. ప్రశ్న సరైనదే. సమాచారం కొండలా పేరుకున్నచోట ఎవరో ఒకరు ఏరి పెట్టక తప్పదు. 2024 జులైలో అమెరికా సుప్రీంకోర్టు, సోషల్ మీడియా వేదికలను కట్టడి చేసే ఫ్లోరిడా, టెక్సస్ చట్టాల కేసులో, ఇతరుల పోస్టుల్ని ఏర్చికూర్చి ఫీడ్‌గా అందించడం పత్రికా సంపాదకత్వం లాగానే భావప్రకటన కిందికి వస్తుందని అభిప్రాయపడింది కూడా. అయితే ఏ తెలుగు దినపత్రిక తీసుకున్నా, చివరి పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ముద్రాపకుడు, ప్రచురణకర్త, సంపాదకుడి పేర్లు, అచ్చైన చోటు చిరునామా ఉంటాయి. 1867 నాటి చట్టం నుంచి వస్తున్న పద్ధతి అది. పరువు నష్టం దావా వేయదలచినవారికి ఆ ఒక్క లైను చాలు. పైగా ఆ పత్రిక కొన్నవారందరికీ మొదటి పేజీ ఒక్కటే. అందులో పక్షపాతం ఉంటే పక్క పత్రిక పెట్టుకుని పోల్చి నిలదీయవచ్చు. తెలుగునాట పత్రికలకు రాజకీయ రంగులున్న సంగతి పాఠకులకు తెలియనిది కాదు. తెలుసు కాబట్టే, చదివేటప్పుడు ఎవరికి వారు లెక్క సరిచేసుకుంటారు. ఫీడ్‌కు అలాంటి లెక్క వేసే వీలు లేదు. మన దేశంలో సమాచార సాంకేతికత చట్టం 79వ సెక్షన్ ఈ కంపెనీలను మధ్యవర్తులుగా చూసి, యూజర్లు పెట్టే పోస్టుల బాధ్యత నుంచి షరతులతో రక్షణ కల్పిస్తోంది. బాధ్యత వచ్చినప్పుడు తపాలా బంట్రోతునని, అధికారం దగ్గరికి వచ్చేసరికి సంపాదకుణ్నని చెప్పుకునే వీలు మరే వ్యాపారానికీ లేదు.

ఫీడ్ ఎలా తయారవుతుందో కొంచెం దగ్గరగా చూడాలి. యాప్ తెరవగానే, చూపించదగిన వందలాది పోస్టులను యంత్రం పోగు చేస్తుంది. ఒక్కోదానికి ఈ మనిషి లైక్ కొట్టే అవకాశం ఎంత, కామెంట్ పెట్టే అవకాశం ఎంత, ఇతరులకు పంపే అవకాశం ఎంత, ఎంతసేపు ఆగి చూస్తాడు అని గత ప్రవర్తన ఆధారంగా అంచనా కడుతుంది. ఆ అంచనాలకు తలా ఒక విలువ ఇచ్చి కూడితే వచ్చే మార్కుల ప్రకారం పోస్టులు వరుసలో నిలబడతాయి. అంచనా కట్టే పని యంత్రానిది. దేనికెంత విలువ ఇవ్వాలన్నది మాత్రం మనుషులు ఒక సమావేశంలో కూర్చుని తేల్చేది. 2021లో ఫేస్‌బుక్ మాజీ ఉద్యోగిని ఫ్రాన్సిస్ హాగెన్ బయటపెట్టిన పత్రాల ద్వారా ఈ విలువలు కొన్ని లోకానికి తెలిశాయి. 2017 నుంచి కొంతకాలం పాటు, కోపం బొమ్మతో సహా ఎమోజీ స్పందన ఒక్కోదానికి మామూలు లైక్ కంటే ఐదు రెట్ల విలువ ఇచ్చారు. కోపం బొమ్మ ఎక్కువగా పడే పోస్టుల్లో అబద్ధాలు, నాసిరకం వార్తలు ఎక్కువగా ఉంటున్నాయని కంపెనీ పరిశోధకులే 2019లో తేల్చారు. ఆ బొమ్మ విలువను సున్నా చేసింది 2020లో.

ఈ వ్యవహారంలో ఏ పోస్టునూ ఎవరూ తొలగించలేదు, ఎవరి గొంతూ నొక్కలేదు. ఒక అంకె మారింది, అంతే. దాని వల్ల కోట్లమందికి కనబడేది మారిపోయింది. చర్చ అంతా ఏ పోస్టు తీసేశారు, ఎవరి ఖాతా మూసేశారు అనే చోటే తిరుగుతుంటుంది గానీ, అసలు అధికారం ఈ అంకెల్లో ఉంది. యూట్యూబ్ 2012లో వ్యూల సంఖ్య నుంచి చూసిన సమయం వైపు కొలమానాన్ని మార్చుకుంది. జనం యూట్యూబ్‌లో గడిపే సమయంలో 70 శాతానికి పైగా సిఫార్సుల వల్లే వస్తోందని 2018లో ఆ సంస్థ ఉన్నతాధికారే చెప్పారు. తెలుగు యూట్యూబ్ చానెళ్ల థంబ్‌నెయిళ్లను ఒక వరుసలో పెట్టి చూస్తే ఆ కొలమానం పనితనం తెలుస్తుంది. నోరు తెరిచిన ముఖం, ఎర్రని బాణం గుర్తు, సగంలో తెంచిన వాక్యం, లోపల ఏమీ ఉండదని చూసేవారికీ తెలిసిన ‘షాకింగ్’ కబురు. అలా చేయమని ఏ కంపెనీ ఏ విలేకరికీ ఆదేశం ఇవ్వలేదు. చేసినవాడికి వ్యూలు వచ్చాయి, చేయనివాడికి రాలేదు. మిగతాది దానంతటదే జరిగిపోయింది.

సరదా వీడియోల దగ్గర ఇది పెద్ద నష్టం కాకపోవచ్చు. వరద రోజుల్లో అలా కాదు. భద్రాచలం వద్ద గోదావరి నీటిమట్టం 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48 అడుగులకు రెండోది, 53 అడుగులకు మూడోది ఎగరేస్తారు. 2022 జులైలో అది 71 అడుగులు దాటింది. అలాంటప్పుడు లంక గ్రామాల్లో ఉన్నవారికి కావలసింది ఈ గంట అంకె. నిన్నటి అంకె పనికిరాదు, ఏడాది నాటి వీడియో అయితే ప్రమాదకరం. కానీ స్పందనల మీద నడిచే ఫీడ్‌కు గంట ముఖ్యం కాదు. ఎప్పుడో ఎక్కడో కొట్టుకుపోయిన వంతెన వీడియోకు వచ్చిన స్పందన, అధికారుల పొడి ప్రకటనకు ఎప్పటికీ రాదు. కొత్తది పైన, పాతది కింద అనే పాత పద్ధతిలో లోపాలుంటే ఉండవచ్చు, వరద విషయంలో మాత్రం దాన్ని మించింది లేదు.

కంపెనీల అధికారం బాహాటంగా బయటపడిన సందర్భాలూ ఉన్నాయి. వార్తలకు గాను పత్రికలతో బేరమాడి డబ్బు చెల్లించాలంటూ ఆస్ట్రేలియా చట్టం తెస్తుంటే, 2021 ఫిబ్రవరి 18న ఫేస్‌బుక్ ఆ దేశంలో వార్తలను ఒక్కసారిగా నిలిపివేసింది. వార్తా సంస్థలతో పాటు వాతావరణ శాఖ పేజీ, కొన్ని రాష్ట్రాల ఆరోగ్య శాఖల పేజీలు, అగ్నిమాపక అత్యవసర సేవల పేజీ కూడా ఖాళీ అయిపోయాయి. కోవిడ్ టీకాల కార్యక్రమం మొదలు కావడానికి కొద్ది రోజుల ముందు ఇది జరిగింది. ఆరోగ్య శాఖల పేజీలు పొరపాటున పోయాయని కంపెనీ చెప్పింది, త్వరలోనే తిరిగి తెచ్చింది. వారం గడవకముందే ప్రభుత్వంతో రాజీ కుదిరింది, చట్టంలో సవరణలు జరిగాయి. రెండేళ్ల తర్వాత అలాంటి చట్టమే చేసిన కెనడాలో మాత్రం రాజీ కుదరలేదు. 2023 ఆగస్టు 1 నుంచి ఫేస్‌బుక్ మాతృసంస్థ మెటా అక్కడ ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లలో వార్తలను ఆపడం మొదలుపెట్టింది. ఆ నెల మధ్యలోనే కార్చిచ్చు కారణంగా వాయవ్య భూభాగాల రాజధాని యెలోనైఫ్ నుంచి సుమారు 20 వేల మందిని ఖాళీ చేయించాల్సి వచ్చింది. వార్తల లింకులు పెట్టే వీలు లేక జనం స్క్రీన్‌షాట్లు తీసి పంచుకున్నారు. ప్రధాని ట్రూడో కంపెనీని దుయ్యబట్టారు, కంపెనీ మాత్రం దిగిరాలేదు.

నిజానికి ఆ రెండు చట్టాల్లోనూ లోపాలున్నాయి. ఒక లింకు ఇచ్చినందుకు డబ్బు కట్టాలనడం ఇంటర్నెట్ మూలసూత్రానికే ఎదురు వెళ్తుందన్న వాదనలో పస ఉంది. వ్యాపార తగాదాలో ఒక పక్షం తన సేవ ఆపుకోవడం దాని హక్కు అని కూడా అనవచ్చు. ఒక దేశంలో జనం మంటల కబురు తెలుసుకునే ప్రధాన మార్గం ఆ తగాదాలో బేరసారాల వస్తువయ్యేంతగా ఒక కంపెనీ పెరిగిపోవడమే ఇక్కడి చిక్కు. అలాంటి కంపెనీని మంచివాళ్లు నడిపినా చిక్కు పోదు.

నడిపేవాళ్లు మారితే నియమాలు మారతాయి, నడిపేవాళ్లకు గాలి మారినట్లు తోచినా మారతాయి. 2021 జనవరిలో ట్రంప్ ఖాతాలను ట్విటర్, ఫేస్‌బుక్ మూసివేసినప్పుడు, ఆయనంటే ఏమాత్రం అభిమానం లేని జర్మనీ ఛాన్సలర్ ఏంజెలా మెర్కెల్ ఆ చర్యను ఆక్షేపించారు. భావప్రకటన హద్దులను చట్టం గీయాలి గానీ కంపెనీల యాజమాన్యాలు కాదన్నది ఆమె ఉద్దేశం. 2022 అక్టోబరులో ట్విటర్‌ను ఇలాన్ మస్క్ 4,400 కోట్ల డాలర్లకు కొన్నాక, ఆ మూసివేత ఆయన నిర్ణయంతోనే రద్దయింది. 2025 జనవరి 7న, ట్రంప్ రెండోసారి పదవి చేపట్టడానికి రెండు వారాల ముందు, అమెరికాలో స్వతంత్ర ఫ్యాక్ట్‌చెక్ సంస్థలతో ఒప్పందాలను ముగిస్తున్నట్లు జుకర్‌బర్గ్ ఒక వీడియోలో ప్రకటించారు. కట్టడి పెట్టడం సరైనదా, ఎత్తేయడమా అన్నది ఎవరి రాజకీయం వారిది. రెండింటినీ చేసింది ఒకే రకం అధికారం అన్నది గుర్తించాలి. ఈలోగా బయటివారు తొంగిచూసే కిటికీలు కూడా మూసుకుపోయాయి. ట్విటర్ 2023లో పరిశోధకులకు ఉచితంగా అందే డేటాను ఆపేసింది. ఏ పోస్టు ఎంత వ్యాపించిందో చూపే క్రౌడ్‌టాంగిల్ అనే పనిముట్టును మెటా 2024 ఆగస్టులో మూసేసింది.

అయితే ఈ పెత్తనాన్ని తీసి ప్రభుత్వం చేతికి ఇద్దామా? మన దేశ అనుభవం ఆ దారిని సిఫార్సు చేయదు. సమాచార సాంకేతికత చట్టంలోని 69ఎ సెక్షన్ కింద పోస్టులను, ఖాతాలను నిలిపివేయమని కేంద్రం ఆదేశించవచ్చు. 2009 నాటి నియమాల్లో 16వది ఆ ఫిర్యాదులను, ఆదేశాలను గోప్యంగా ఉంచాలంటుంది. అంటే తన పోస్టు ఎందుకు పోయిందో రాసినవారికి తెలియకపోవచ్చు, అది పోయిన సంగతే చదివేవారికి తెలియకపోవచ్చు. 2015లో శ్రేయా సింఘాల్ కేసులో, ఆన్‌లైన్‌లో అభ్యంతరకరమైన రాతలకు శిక్ష వేసే 66ఎ సెక్షన్‌ను కొట్టివేసిన సుప్రీంకోర్టు, 69ఎను మాత్రం అందులో రక్షణలున్నాయంటూ నిలబెట్టింది. ఆ రక్షణలు ఆచరణలో ఎంత పలచనో తర్వాతి కేసులు చూపాయి. కేంద్రం ఆదేశాలను సవాలు చేసిన ట్విటర్ పిటిషన్‌ను 2023 జూన్‌లో కర్ణాటక హైకోర్టు కొట్టివేసి 50 లక్షల జరిమానా కూడా వేసింది. కేంద్ర ప్రభుత్వ వ్యవహారాల గురించి ఏది అబద్ధమో ప్రభుత్వ ఫ్యాక్ట్‌చెక్ విభాగమే తేల్చేలా 2023లో తెచ్చిన సవరణను బొంబాయి హైకోర్టు 2024 సెప్టెంబరులో కొట్టివేయడం కొంత ఊరట. తన మీద వచ్చిన విమర్శకు తానే తీర్పరి కావాలనుకోవడం ఫ్రీ బేసిక్స్ నాటి ఫేస్‌బుక్ ధోరణే, చొక్కా మారింది. ఆ మరుసటి ఏడాది సెప్టెంబరులో, వివిధ శాఖల అధికారులు కంపెనీలకు తొలగింపు నోటీసులు పంపే ‘సహయోగ్’ పోర్టల్‌పై ఎక్స్ (పూర్వపు ట్విటర్) వేసిన పిటిషన్‌ను కర్ణాటక హైకోర్టు తోసిపుచ్చింది. కంపెనీకి ఇలాంటి నోటీసు వచ్చాక పోరాడటం కంటే పోస్టు తీసేయడమే చవక. అందుకే కంపెనీ పెత్తనం, ప్రభుత్వ పెత్తనం ఒకదానికొకటి విరుగుడు అనుకోవడం పొరపాటు. చాలాసార్లు అవి కలిసే పనిచేస్తాయి.

సమాచారంలోని మంచిచెడ్డల జోలికి పోకుండానే పనిచేసే నియమాలు సాధ్యమేనని చెప్పే ఉదాహరణ మన దగ్గరే ఉంది. 2018 మే నెలలో పిల్లల్ని ఎత్తుకెళ్లే ముఠాలు తిరుగుతున్నాయన్న పుకార్లు వాట్సాప్‌లో తెలుగు రాష్ట్రాలంతటా పాకాయి. అమాయకులపై దాడులు జరిగాయి, ప్రాణాలు పోయాయి. జులై మొదట్లో మహారాష్ట్రలోని ధూలే జిల్లాలో ఒక గుంపు ఐదుగురిని కొట్టి చంపింది. ఆ నెలలోనే వాట్సాప్ భారత్‌లో ఒక సందేశాన్ని ఒకేసారి ఐదు చాట్‌లకు మించి ఫార్వర్డ్ చేయకుండా పరిమితి పెట్టింది. 2020 ఏప్రిల్‌లో, అప్పటికే చాలా చేతులు మారిన సందేశాలను ఒకసారికి ఒక్క చాట్‌కే పరిమితం చేసింది. సందేశంలో ఏముందో కంపెనీ చదవలేదు, చదవడం దానికి సాధ్యమూ కాదు. అవి పంపినవారు, అందుకున్నవారు తప్ప ఎవరూ చదవలేని రూపంలోకి మారి (ఎన్‌క్రిప్ట్ అయి) ఉంటాయి. నిజమైనా అబద్ధమైనా అందరికీ ఒకటే అడ్డు. అదే సమయంలో జోగుళాంబ గద్వాల జిల్లా ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి పోలీసులను ఊళ్లకు పంపి, జానపద కళాకారులతో పాటలు కట్టించి, పుకార్లను నమ్మవద్దని చెప్పించారు. జనానికి తెలిసిన ముఖాలు, జనం భాషలో, ఎదురుగా నిలబడి చెప్పిన మాట అది. ఆ పని ఏ యాప్ సెట్టింగూ చేయలేదు.

ఐరోపా సమాఖ్య ఎంచుకున్నది కూడా ఏ పోస్టు ఉండాలో తేల్చే దారి కన్నా, ఎలా తేల్చారో చెప్పించే దారి. 2022లో చేసిన డిజిటల్ సేవల చట్టం ప్రకారం, అక్కడ నెలకు నాలుగున్నర కోట్లకు పైగా యూజర్లున్న వేదికలు వ్యక్తిగత వివరాల మీద ఆధారపడని ఫీడ్‌ను ఎంచుకునే వీలు యూజరుకు ఇవ్వాలి. పోస్టు తీసేస్తే కారణం రాతపూర్వకంగా చెప్పాలి, అప్పీలుకు దారి చూపాలి, పరిశోధకులకు డేటా అందించాలి. ఉల్లంఘిస్తే ప్రపంచ టర్నోవరులో ఆరు శాతం దాకా జరిమానా. 2025 డిసెంబరులో ఎక్స్‌పై 12 కోట్ల యూరోల జరిమానా పడటానికి గల కారణాల్లో పరిశోధకులకు డేటా ఇవ్వకపోవడం ఒకటి. ఈ చట్టంలోనూ అధికారుల చేతికి ఎక్కువ పట్టు దొరుకుతుందన్న అనుమానాలు లేకపోలేదు. అయినా సిఫార్సుల యంత్రాన్ని యూజరే ఆపుకోగలగడం, బయటివారు దాన్ని పరీక్షించగలగడం అనే రెండు అంశాలను మనం అరువు తెచ్చుకోవడానికి మొహమాటపడనక్కర్లేదు. మన 2021 ఐటీ నియమాలు 50 లక్షలకు మించి యూజర్లున్న కంపెనీలకు, దేశంలోనే నివసించే ఫిర్యాదుల అధికారిని నియమించాలని చెప్పాయి. ఆయన నిర్ణయంపై అప్పీలు వినే కమిటీలు 2023లో వచ్చాయి, వాటిని నియమించేది కేంద్ర ప్రభుత్వమే. ఫీడ్‌లోని అంకెల గురించి అడిగే అధికారం మాత్రం వాటిలో ఎవరికీ లేదు.

ఇవన్నీ తేలేలోపే రంగం మరోచోటికి జరుగుతోంది. 2024లో గూగుల్ సెర్చ్ ఫలితాల పైన కృత్రిమ మేధ రాసిన సారాంశాలు రావడం మొదలైంది. పది లింకులు చూపినప్పుడు వరుస ఎవరిదైనా, చదువరి కిందికి దిగి వేరేదాన్ని ఎంచుకోవచ్చు. ఒకే జవాబు ఇచ్చినప్పుడు, ఆ జవాబుకు మూలాలుగా దేన్ని తీసుకున్నారు, దేన్ని వదిలేశారు అన్నది అడిగే ఆలోచనే చాలామందికి రాదు.

తెలుగువారికి ఈ వ్యవహారంలో వేరే కష్టం ఉంది. హాగెన్ పత్రాల ప్రకారం, తప్పుడు సమాచారాన్ని గుర్తించేందుకు ఫేస్‌బుక్ కేటాయించిన పనిలో 87 శాతం అమెరికాకే పోయింది. మిగతా లోకమంతటికీ 13 శాతం. ఆ లెక్క అసంపూర్ణమని కంపెనీ అంది గానీ, పూర్తి లెక్క ఇదీ అని ముందుకు పెట్టలేదు. మన రాజ్యాంగం గుర్తించిన 22 భాషల్లో ఐదింటిలోనే తన కృత్రిమ మేధ వ్యవస్థలకు శిక్షణ ఇచ్చినట్లు 2021లో ఆ కంపెనీయే చెప్పింది. 2019లో ఒక ఫేస్‌బుక్ పరిశోధకుడు కేరళ యూజరు పేరిట ఖాతా తెరిచి, యంత్రం సూచించిన ప్రతి గ్రూపులో చేరి, చూపించిన ప్రతిదాన్నీ చూస్తూ పోతే, కొద్ది వారాల్లోనే ఫీడ్ ద్వేషంతో, అబద్ధాలతో నిండిపోయిందని అంతర్గత నివేదిక రాశాడు. తెలుగులో కులాన్ని పేరు పెట్టి తిట్టేవారు తక్కువ. వృత్తి పేరు ఎత్తి, వాడ పేరు ఎత్తి, తినే తిండిని ఎత్తి పొడుస్తారు, అదీ ఇంగ్లిష్ అక్షరాల్లో టైపు చేసి. ఊరి మనిషికి ఒక్క క్షణంలో గుచ్చుకునే ఆ మాట యంత్రానికి మామూలు వాక్యం. దాని మీద కోపంతో రాసిన జవాబులో నేరుగా తిట్టు ఉంటే, తొలగింపు వేటు జవాబు మీదే పడే అవకాశం ఎక్కువ.

ఈ కష్టం ఎంత లోతైనదో కొలవాలంటే ముందు లెక్కలు కావాలి. మన నియమాల ప్రకారం పెద్ద కంపెనీలు నెలనెలా వెలువరించే నివేదికల్లో ఎన్ని ఫిర్యాదులు వచ్చాయి, యంత్రాలతో ఎన్ని లింకులు తొలగించారు అన్నది ఉండాలి. ఏ భాషలో ఎన్ని అన్నది చెప్పాలన్న షరతు లేదు. ఐరోపా చట్టం ప్రకారం, పోస్టులను పరిశీలించే సిబ్బంది ఎంతమందో పెద్ద వేదికలు సమాఖ్య అధికార భాషల వారీగా వెల్లడించాలి. సుమారు ఐదు లక్షల మంది మాట్లాడే మాల్టీస్ భాషకు కూడా ఆ లెక్క చెప్పి తీరాలి. 2011 జనగణన ప్రకారం 8 కోట్ల 11 లక్షల మందికి మాతృభాషగా ఉన్న తెలుగుకు ఎంతమందిని పెట్టారో చెప్పమని ఏ కంపెనీనీ అడిగే నిబంధన మన చట్టంలో లేదు.